కొండమీది చెవి

అహల్య హెడ్‌ఫోన్ సర్దుకునేలోపే దీవి నుంచి గొంతు వినిపించింది.

"నాను పోలారావునండి, లైట్‌హౌస్ కాపరిని. ఎవులైనా ఇంటన్నారేటి?"

లోకమంతా ఉపగ్రహాలకు మారిపోయాక గాలికొండ మీది హామ్ రేడియో రిపీటర్‌కు కాపలాగా మిగిలింది అహల్య ఒక్కతే. దూరపు మాటను విని, అదే క్షణంలో మళ్లీ గట్టిగా పలకడం రిపీటర్ పని. ఇన్నాళ్లూ దానికి విన్న మాటా లేదు, పలికిన మాటా లేదు. ఆనవాయితీ కొద్దీ రోజూ పొద్దున్నే ఆమె, ఎవరైనా ఉన్నారా అంటూ రేడియోలో హాజరు పిలిచేది. పలికే దిక్కుండేది కాదు.

పోయిన వారం రేడియో పరిశోధకుడు డాక్టర్ నృసింహశర్మ కొండెక్కి కొత్త రిసీవర్ బిగించాడు. దాని సెన్సిటివిటీ ముందు పాతవన్నీ చెవిటివే.

"మరి మన మాట వాళ్లకు చేరేదెలాగండీ?" అందామె.

"చేరదమ్మా. ట్రాన్స్‌మిట్ పవర్ అయిదు వాట్లే కదా. నోరూ చెవీ ఒకే టవర్ మీద ఉన్నాయి. పవర్ పెంచావంటే మన కేకకే ఈ చెవి దిమ్మెక్కిపోతుంది. నా పరిశోధనకు వినడం చాలు."

ఆయనకు చాలు. ఆమెకు చాలలేదు. దీవిలో పోలారావు రోజూ కూర మాడిందనీ, సముద్రం పోటెత్తిందనీ చెప్పుకుంటుంటే, ఆమె జవాబులన్నీ కొండ దిగకుండానే ఆగిపోయేవి.

"గోడతో మాటాడినట్టుందండి. ఆదివారం దాకా సూస్తాను. ఎవులూ పలక్కపోతే సెట్టు కట్టేస్తాను," అన్నాడతను.

ఆదివారం పొద్దున అహల్య పవర్ పూర్తిగా పెంచేసింది.

"పోలారావుగారూ! నేను అహల్యని! రోజూ మీ మాట వింటున్నానండీ!"

హెడ్‌ఫోన్ నిండా హోరు. శర్మ మాట మరిచిపోలేదామె. తగ్గిస్తే అతనికి అందకుండా పోతానేమోనని భయపడింది, పాపం. ఏళ్లుగా మూటగట్టుకున్న కబుర్లన్నీ విప్పేసింది. గొంతు బొంగురుపోయాక, సాయంత్రం పవర్ తగ్గించి చెవి ఒగ్గింది.

"...ఎవులో ఆడమనిసండి, పేరెట్టి పిలిసింది. ఎంత సంబరమైందో! పొద్దున్నించీ పలుకుతానే ఉన్నాను. ఆగదు, ఇనదు. టేపు కాబోలు. ఉంటానండి మరి."

టక్కుమంది.

ఆమె మళ్లీ పవర్ పెంచి అరిచింది. కట్టేసిన సెట్టుకు ఎన్ని వాట్లయినా ఒకటే.

మర్నాడు శర్మ ఫోన్ చేశాడు. "పవర్ పెంచావట కదమ్మా! ఎందాకా చేరింది?"

"దీవి దాకా చేరిందండీ."

"శభాష్! అయితే గెలిచినట్టే!"

ఆమె ఫోన్ పెట్టేసి, హెడ్‌ఫోన్ తగిలించుకుని హాజరు పిలిచింది. ఈసారి పిలవడానికి ఒక పేరుంది.