పదిహేడో నంబరు బిళ్ళ

"డ్యూటీ వదిలి పారిపోయాడు" అని కాగితం మీద ఉంటే, ఆ మనిషి పారిపోయినట్టేనా? చెప్పండి. ఈ హాల్లో చరిత్ర చదువుకున్నవాళ్లు ఇంతమంది కూర్చున్నారు. ఆ మాట రాసిన చెయ్యి ఎవరిది, ఆ రాత్రి ఆ చెయ్యి ఏం చేస్తూ ఉంది అని మీలో ఒక్కరైనా అడిగారా?

నేను అడిగాను. అందుకే మీ ముందు ఇట్లా తడి కాళ్లతో నిలబడ్డాను.

నా పేరు హేమలత, రీసెర్చ్ స్టూడెంటుని. మాది జూలూరుపాడు దగ్గర తండా. మా అమ్మమ్మ రూప్లి వాళ్ల నాయన బిచ్యా, నిజాం కాలంలో అడవిలోకి వేసిన ఒక చిన్న రైలు లైను మీద వానకాలం గస్తీవాడు; రాత్రుళ్లు లైను చూసుకుంటూ నడిచి, ఎక్కడైనా చెడితే బండిని ఆపాలి. ఆ లైను ఇప్పుడు లేదు. కలప కోసం వేశారు, కలప అయిపోగానే పట్టాలు పీకేశారు. ఒక రాత్రి వాగు పొంగి బ్రిడ్జి కొట్టుకుపోయింది. గూడ్సు బండి వాగులో పడింది. ముగ్గురు చచ్చిపోయారు. బిచ్యా మళ్లీ ఎవరికీ కనిపించలేదు. తప్పంతా ఆయనదే అని విచారణలో తేల్చేశారు.

అప్పుడు అమ్మమ్మకు మూడేళ్లు. ఎనభై దాటినా తండాలో ఆమె పేరు రూప్లి కాదు, "పారిపోయినోడి బిడ్డ". బోరింగు కాడ బిందె తగిలితే చాలు, ఆ మాట వచ్చి పడేది.

పోయినేడు ఆమె మంచం పట్టింది. "డిబేట్లల్ల కప్పులు తెస్తవ్ గదనే. మా నాయన దిక్కు ఒక్కసారి మాట్లాడు. నేను పొయ్యేలోపు కాగితం తెచ్చి సదివి వినిపియ్యి" అన్నది.

హైదరాబాదులో నెల రోజులు రికార్డు గదుల దుమ్ము మింగాను. ఆ లైను గురించి ఒక్క ముక్క లేదు. చివరికి తెలిసింది, కొత్తగూడెం అంచున చెంచురామయ్య అనే రిటైర్డ్ హెడ్మాస్టరు ఇంట్లో మూడు ఇనుప ట్రంకుల నిండా ఆ కాగితాలున్నాయని. ఆయన తాత ఆ లైనుకు గుమాస్తా.

"ఏ ఊరమ్మా?" అన్నాడు పెద్దాయన, గేటు తీయకుండానే.

"జూలూరుపాడు కాడ తండా సార్."

"తండా నుంచి రీసెర్చా! రిజర్వేషన్ సీటా?"

"అవ్ సార్. మీ ట్రంకులదేమో వారసత్వం సీటు."

ఆయన మొహం మాడిపోయింది. అయినా గేటు తీశాడు. "అయిదింటికి గది తాళం వేస్తాను. కాగితాలు చూసుకో. మూడో ట్రంకు అడుగున ఎర్రగుడ్డ మూట ఉంటుంది. అది మాత్రం విప్పకు."

"ఎందుకు?"

"విప్పకు అన్నాను."

కారణం చెప్పని వద్దు నాకు వద్దులా వినపడదు. పుట్టుకతో వచ్చిన జబ్బు.

వెనక గది. చెదల మందు వాసన. ఊచల కిటికీ ఒక్కటే. దాని అవతల చెట్లలోకి వంపు తిరిగి పోయే మట్టికట్ట. పట్టాలు లేని పాత లైను అదే. వెనక తలుపుకు అడ్డంగా చెక్కలు కొట్టి ఉన్నాయి, మేకులు తుప్పు పట్టేంత పాతవి.

మొదటి ట్రంకులో గస్తీ నియమాల పుస్తకం దొరికింది. ప్రతి గస్తీవాడి దగ్గర ఒక లాంతరు, తన నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఉండాలి. తన బీటు, అంటే తన వంతు లైను ముక్క, చివరిదాకా నడిచి, పక్క బీటువాడిని కలిసి, బిళ్ళలు మార్చుకోవాలి. మార్చుకున్న బిళ్ళ పట్టుకుని తన బీటు రెండో చివరికి నడిచి, అక్కడివాడికి ఇవ్వాలి. పక్కవాడు రాకపోతే వెనక్కి తిరగకూడదు. అతను కలిసేదాకా ముందుకే నడవాలి.

నాకిది కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మమ్మ రేకు మూతలతో ఆడించిన ఆట ఇదే. "కుడి చేత్తోని ఇయ్యి, ఎడమ చేత్తోని తీసుకో, ఎనక్కి సూడకుండ నడు." తన నాయన తనతో ఆడిన ఒకే ఒక్క ఆట అని చెప్పేది.

రెండో ట్రంకులో విచారణ కాగితం. గుమాస్తా చేతిరాత, గుండ్రంగా, అందంగా: "పదిహేడో నంబరు బిచ్యా డ్యూటీ వదిలి పారిపోయెను."

మూడో ట్రంకులో అదే చేతిరాతతో సొంత డైరీ. అదే తేదీ.

"జోరువాన. ఇల్లు కురియుచున్నది. పద్దెనిమిదో నంబరువాని గస్తీ మాన్పించి, పెంకులు సర్దుటకు పిలిపించితిని. వాని బిళ్ళ ఇక్కడనే ఉన్నది."

బ్రిడ్జి ఉన్నది పద్దెనిమిదో బీటులో! మా ముత్తాత హద్దురాయి దగ్గర నిలబడి ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. నియమం ప్రకారం ముందుకు నడిచాడు, ఆ చీకట్లో, ఆ వాగు మీదికి. ఇక్కడ ఈయనగారేమో తన పెంకులు సర్దించుకుని, పొద్దున లేచి "పారిపోయెను" అని రాశాడు.

అన్నిటికీ ఫోటోలు తీశాను. బిళ్ళ కూడా సాక్ష్యమే కదా అని ఎర్రగుడ్డ విప్పాను. ఇత్తడి మీద 18. నా కుడి అరచేతిలో పెట్టుకున్నాను. ఆ ట్రంకు తెరిచి ఎన్నేళ్లయిందో... బిళ్ళ తడిగా ఉంది.

నాలుగున్నరకే మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. వాన మొదలవలేదు గాని వాన వాసన వచ్చింది. దాని వెనకే కిరోసిన్ వాసన. తడిసిన గొంగడి వాసన.

టింగ్.

దూరంగా, కట్ట మీద, ఇనుము మీద సుత్తి దెబ్బ.

టింగ్... టింగ్...

పట్టాలు లేని లైను మీద ఎవరో పట్టాలు కొట్టి చూసుకుంటూ వస్తున్నారు. కంకర మీద అడుగులు. ఆ కట్ట మీద కంకర లేదు. నేను పొద్దున్నే చూశాను. మట్టి, తుమ్మ పొదలు... అంతే.

అడుగులు వెనక తలుపు దగ్గర ఆగాయి. చెక్కలు కిర్రుమన్నాయి. తర్వాత కిటికీ వైపు కదిలాయి.

ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది.

చాలాకాలం నీళ్లలో నానిన చెయ్యి. వేళ్ల చివర తోలు ముడతలు పడి, తెల్లగా... అరచేతిలో బిళ్ళ. 17.

దాని పక్కనే ఇంకో చెయ్యి. ఎడమది. ఖాళీది. ఎదురుచూస్తూ...

నేను ఆలోచించలేదు. వందసార్లు ఆడిన ఆట. కుడి చెయ్యి ఇచ్చింది. ఎడమ చెయ్యి తీసుకుంది.

చీకట్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు, ఎనభై ఏళ్లుగా బిగబట్టినట్టు. అడుగులు వచ్చిన దారినే మళ్లాయి. టింగ్... టింగ్... ఆగిపోయింది.

తిరిగి చూస్తే గుమ్మంలో చెంచురామయ్య.

"విప్పావా?"

"అవ్. మీ తాత రాసిన అబద్ధం గూడ సదివిన."

"చేత్తో... పట్టుకున్నావా?"

"పట్టుకున్న. ఇచ్చిన. మా ముత్తాత డ్యూటీ అయిపోయింది సార్."

"ఆయనది అయిపోయింది" అన్నాడు, గుసగుసగా. "పద్దెనిమిది చేతపట్టినవాళ్లదే పద్దెనిమిదో బీటు. మూడు తరాలు మేము గుడ్డ మీద నుంచి కూడా తాకలేదు. పిచ్చిదానా... ఇప్పుడు నీ చేతిలో ఏముంది?"

పదిహేడు ఉంది. పట్టుకుని రెండో చివరికి నడవాలి. పంతొమ్మిదో నంబరువాడికి ఇవ్వాలి.

అమ్మమ్మకు కాగితం చదివి వినిపించాను. "మా నాయన పారిపోలే!" అని తండా అంతా వినేటట్టు అరిచింది. రెండో రోజు పోయింది. మొహం మీద నవ్వు అట్లాగే ఉంది. నేను గెలిచాను. కాదనను.

కానీ ఆ రోజు నుంచి, గస్తీ మొదలయ్యే వేళ, సాయంత్రం అయిదున్నర కాగానే నా కాళ్లు నా మాట వినడం లేదు. నడుస్తాయి. తెల్లవారితే ఎక్కడ ఆగానో, మళ్లీ సాయంత్రం అక్కడే మొదలు. వాన లేకున్నా మోకాళ్ల దాకా తడి. జూలూరుపాడు దాటాను. మొన్న ఖానాపురం హవేలిలో షేర్ ఆటోవాళ్లు పిలుస్తుంటే కూడా ఆగలేకపోయాను. పంతొమ్మిదోవాడు ఎక్కడా ఎదురుపడలేదు. రాకపోతే వెనక్కి తిరగకూడదు కదా.

ఈ రోజు తెల్లవారేసరికి ఇక్కడ, ఖమ్మంలో, ఈ హాలు గుమ్మం దగ్గర నా కాళ్లు వాటంతటవే ఆగాయి. ఎందుకో లోపలికి వచ్చాక అర్థమైంది. ఈ కుర్చీలకు నంబర్లు వేయలేదని నిర్వాహకులు అంటున్నారు. మరి వెనక వరుసలో ఆ ఒక్క కుర్చీ వీపు మీద, సున్నంతో, పంతొమ్మిది అని ఎవరు రాశారు?

అక్కడ కూర్చున్నవాళ్లు లేవండి. పక్కవాళ్ల వైపు చూడకండి, మిమ్మల్నే. ముందు మీ జేబులో చెయ్యి పెట్టండి, సంచి ఉంటే సంచిలో. చల్లగా, గుండ్రంగా తగిలిందా? దాన్ని కుడి చేత్తో నాకు ఇవ్వండి. ఎడమ చెయ్యి చాపండి.

జల్దీ. అయిదున్నర కావస్తోంది.