నంబర్లు పంచేది ఎవరు?

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో ఆ మధ్యాహ్నం కుండపోతగా వాన. ఆసుపత్రి అడుగు అంతస్తులోని సర్వర్ గదిలో, అక్కడి కంప్యూటర్లు చూసుకునే నెనిత చల్లారిన అన్నం, వేయించిన ఎండుచేప ముందు పెట్టుకుని కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ మోగింది. హృద్రోగుల వార్డులో పెద్ద నర్సు ఫెలిసా.

మంచాల పక్కనుండే గుండె మానిటర్లు నర్సుల బల్ల మీది తెరలోంచి ఒక్కొక్కటే మాయమవుతున్నాయట. మూడో మంచానిది పొద్దున పోయింది. ఎవరూ గమనించేలోపే ఆ మనిషి కూడా పోయాడు.

నెనితకు ఇది కొత్త పనేం కాదు. ఆసుపత్రి సర్వర్లన్నీ ఒకే పెద్ద యంత్రం లోపల దేనికదే విడిగా నడుస్తుంటాయి. వాటిలో ఒకదాని పని ఐపీ నంబర్లు పంచడం. ఏ పరికరం ఆన్ అయినా ముందు తన నంబరేమిటని అడుగుతుంది, ఈ సర్వర్ ఇస్తుంది. తప్పు నంబర్ వస్తే ఆ పరికరం మాట ఎవరికీ చేరదు.

ఆ సర్వర్ చక్కగా పనిచేస్తోంది. పంచడానికి నంబర్లు బోలెడున్నాయి. కానీ మానిటర్ అడిగిన ప్రతిసారీ దానికంటే ముందే ఇంకెవరో జవాబిస్తున్నారు. ఆ నంబర్లు ఆసుపత్రివి కావు.

ఎవరో పాత సర్వర్‌ని మళ్ళీ నడిపిస్తున్నారనుకుంది. ఒక్కో సర్వర్‌నీ నెట్‌వర్క్ నుంచి విడదీసి చూసింది. జవాబు ఆగలేదు. చివరికి బయటికి వెళ్ళే కేబుల్ కూడా పీకేసింది. లోపల మిగిలింది కొత్త ప్రోగ్రాములను పరీక్షించడానికి వాడే ఖాళీ సర్వర్ ఒక్కటే. దాని చేత నంబర్ అడిగించింది.

ఫ్యాన్ల హోరు. ఎక్కడినుంచో వాడిన పూల వాసన.

జవాబు వచ్చింది...

జవాబివ్వడానికి లోపల ఎవరూ లేరు.

కేబుల్ మళ్ళీ పెట్టింది. ఫోన్ ఇంకోసారి మోగింది.

"దాయ్," చెల్లెల్ని పిలిచినట్టు పిలిచి ఫెలిసా గుసగుసలాడింది. "నాలుగో మంచం కూడా పోయింది. ఈసారి డాక్టర్ పక్కనే ఉన్నాడు. అయినా ఆగలేదు."

"మానిటర్ ముందు పోయిందా మనాంగ్, మనిషా?" అని ఆ పెద్దక్కను అడిగింది నెనిత.

"మానిటరే. ఇప్పుడు ఐదో మంచానిది పోయింది."

నెనిత మెట్లెక్కి పరుగెత్తింది. ఐదో మంచం మీద లోలా పురీంగ్, అంటే పురీంగ్ అవ్వ. తెచ్చినప్పటినుంచీ స్పృహ లేని ముసలావిడ. డాక్టర్ ఆమె ఛాతీ మీద వంగి ఉన్నాడు. పెదాలు నీలంగా మారుతున్నాయి. నెనిత మానిటర్‌లో నంబర్ అడిగే పనిని ఆపేసి, సరైన నంబర్‌ను తనే కొట్టింది. అది నిలవలేదు. కళ్ళముందే అంకెలు చెరిగిపోయి, పాత తప్పు నంబరే వచ్చి కూర్చుంది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ చెరిగింది...

"ఇది నీది కాదు," అంది పళ్ళ బిగువున. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. మళ్ళీ కొట్టి, బొటనవేలు మీట మీదనుంచి తీయకుండా నొక్కి పట్టింది. మీట చల్లబడింది. మంచుగడ్డలా వేలిని కొరికింది. అయినా వదల్లేదు.

అంకెలు నిలిచాయి. తెర మీద గీత లేచింది, పడింది, మళ్ళీ లేచింది. ఫెలిసా కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

మిగతా మంచాలన్నిటికీ నెనిత అలాగే చేత్తో నంబర్లిచ్చింది. ఆ తర్వాత వార్డులో ఇంకెవరూ పోలేదు. కిందికెళ్ళి చూస్తే ఆ దొంగ జవాబులు ఆగిపోయి ఉన్నాయి.

సాయంత్రం వాన వెలిశాక లోలా కళ్ళు తెరిచింది. నెనిత చెంచాతో నీళ్ళు పట్టింది.

"నన్ను పిలిచినవాడికి చాలా కోపం వచ్చిందమ్మా," అంది ముసలావిడ నెమ్మదిగా. "అడ్డుపడింది ఎవరని అడిగాడు."

"మీరేమన్నారు లోలా?"

"పేరు చెప్పాను."

ఆ పేరు పలికింది కూడా. నెనిత అని కాదు. చిన్నప్పుడు తను పుట్టిన దీవిలో అమ్మ ఒక్కతే ఆమెను పిలిచిన ముద్దుపేరు అది. అమ్మ పోయాక ఈ భూమ్మీద ఎవరూ పలకని పేరు.