రెండోది ఉందిగా

వచ్చినావిడ కుర్చీలో కూర్చోలేదు. మేష్టారు రెండుసార్లు కూర్చోమన్నారు, మేనకోడలు మంచినీళ్లు తెచ్చిపెట్టింది. ఆవిడ గ్లాసు ముట్టుకోకుండా గోడ గడియారం వైపే చూస్తోంది. మూడున్నరైంది.

"మా ఆయన్ని ఐదింటికి పోలీసులకి అప్పజెప్తారట సార్. అంబులెన్స్ ఆఫీసులో సర్వర్ ఇంజనీరు. పొద్దున పదకొండింటికి మెషిన్ ఆగిపోయింది. నలభై నిమిషాలు ఏ ఫోన్ ఎక్కణ్ణుంచొస్తోందో, ఏ బండి ఎక్కడుందో ఎవరికీ తెలీలేదు. గుండెనొప్పొచ్చిన పెద్దాయనొకరు దొరికిన ఆటో ఎక్కి బతికి బయటపడ్డారు. మా ఆయన కావాలనే వైరు పీకాడంటున్నారు."

"పీకాడా?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పీకాడు సార్. ఆయనే ఒప్పుకున్నాడు."

ఫిజిక్స్ పాఠాలు మానేసి డిటెక్టివ్‌గా మారిన మేష్టారికి ఇలాంటి కేసు తగిలితే కాలు నిలవదు, చెప్పులూ కనబడవు. ఎడమ చెప్పు మేనకోడలే వెతికిచ్చింది. ఆవిడని వెంటబెట్టుకుని ముగ్గురూ బయల్దేరారు.

ఆఫీసు హాల్లో ఆరు ఫోన్ బల్లలు, వాటి వెనక సర్వర్ గది. బయట బెంచీ మీద ఇంజనీరు తల వంచుకుని కూర్చున్నాడు.

"ఎందుకు పీకావయ్యా?"

"ప్లగ్గు పెట్టే బోర్డు వేడెక్కుతోంది సార్, వైరుని కొత్త బోర్డుకి మారుద్దామని. ఆ మెషిన్‌కి పవర్ సప్లయిలు రెండు. కుడిదాని వైరు పీకితే ఎడమది మోస్తుంది. అందుకేగా రెండు పెట్టేది! ఇలా ఎన్నిసార్లు మార్చానో."

"ఎడమది పాడై ఉంటే?"

"పాడైతే ముందువైపు ఎర్రదీపం వెలుగుతుంది, చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. వైరు ముట్టుకునే ముందు మెషిన్ బీరువా జాలీ తలుపులోంచి చూశాను. దీపం లేదు, కూత లేదు."

"ఈమధ్య సెలవేమైనా పెట్టావా?"

"పోయిన నెల ఒక వారం. మా అమ్మకి ఆపరేషన్."

సూపర్‌వైజర్ పెన్ను టకటకలాడిస్తూ అడ్డొచ్చాడు. "గదికి తాళంచెవులు రెండే. ఒకటి ఇతనిది, ఒకటి నా సొరుగులోది. పీకానని తన నోటితోనే చెప్తున్నాడు. ఇంకేం కావాలండీ మీకు?"

"మెషిన్‌ని ఒకసారి చూడాలి," అన్నారు మేష్టారు.

సర్వర్ గది గోడకి ఆనుకున్న బల్ల దగ్గర అందరూ పెద్దక్క అని పిలిచే ఆపరేటర్ ఫోన్లో మాట్లాడుతోంది. "గట్టిగా మాట్లాడలేకపోతే పర్లేదు నాన్నా, మెల్లగానే చెప్పు, నేను వింటాగా." ఆవిడ హెడ్‌సెట్‌కి ఒకవైపు స్పాంజి ఉంది, రెండోవైపు చేతిరుమాలు ముక్క చుట్టి ఉంది. మేనకోడలు చూసింది గానీ పట్టించుకోలేదు.

మేష్టారు జాలీ తలుపు తెరిచి మెషిన్ ముందు వంగి, అలాగే రెండు నిమిషాలుండిపోయారు. తర్వాత ఇంజనీరుని పిలిచి, మెషిన్ తనంతట తాను రాసుకునే రికార్డు తెరవమన్నారు. చదివాక గది చుట్టూ మూడుసార్లు తిరిగి, అందర్నీ రమ్మన్నారు. అప్పటికి ఐదుకి ఇరవై నిమిషాలుంది.

"ఎడమ సప్లయి చచ్చింది ఈరోజు కాదు. పోయిన నెల, ఇతను సెలవులో ఉన్న వారంలో. ఆరోజు మెషిన్ కూసింది. ఎవరో దాని నోరు మూశారు."

మెషిన్ నల్లటి ముఖాన, నలుపులో కలిసిపోయేలా అంటించిన నల్ల టేపుని ఆయన చర్రున లాగారు. ఎర్రదీపం మెరిసింది, గదంతా ఒకటే కూత. అందరూ చెవులు మూసుకున్నారు. టేపుతోపాటు ఊడొచ్చింది హెడ్‌సెట్ స్పాంజి.

పెద్దక్క ముందుకొచ్చింది. "నేనే పెట్టాను సార్. ఒక చిన్నపిల్ల, వాళ్లమ్మ పడిపోయిందని ఫోన్ చేసింది. గొంతు పెగలట్లేదు దానికి. గోడవతల ఈ గోల! అడ్రస్ మూడుసార్లు అడిగాను. మా సూపర్‌వైజర్ సార్‌తో చెప్తే తాళంచెవి చేతిలో పెట్టి, ఎలాగోలా ఆపించు, రెండోది ఉందిగా, ఇంజనీరు రాగానే నేను చెప్తా అన్నారు. చెప్పేశారనే అనుకున్నా. పొద్దున మెషిన్ ఆగాక అడిగితే అది వేరే ఇది వేరే అన్నారు."

టకటక ఆగింది. "పని ఒత్తిడిలో మర్చిపోయానండీ," అన్నాడు సూపర్‌వైజర్. "మెషిన్ నడుస్తూనే ఉంది కదా!"

"మర్చిపోతారు, ఎవరైనా మర్చిపోతారు. కానీ పొద్దున పెద్దక్క గుర్తుచేసింది. అయినా నోరు కుట్టేసుకుని ఇతన్ని పోలీసులకిద్దామనుకున్నారు. సిగ్గుగా లేదూ?"

సూపర్‌వైజర్ ఫోన్ తీసి ఫిర్యాదు వద్దని చెప్పడం అందరూ విన్నారు.

"అయితే రెండు పెట్టి ఏం లాభం మావయ్యా?" అంది మేనకోడలు.

"లాభం లేకేం! ఒకటి చచ్చినా నెల్రోజులపాటు ఒక్క ఫోనూ ఆగలేదు. బాగుచేసుకోండర్రా అని రెండోది టైమిచ్చింది. ఆ టైమంతా వీళ్లు హాయిగా కూర్చున్నారు."

కొత్త సప్లయి అదే గదిలో, అల్మరాలోనే ఉంది! ఇంజనీరు దాన్ని బిగించగానే కూత ఆగింది. "ఇప్పుడు కుడిదాని వైరు పీకి చూడాలి," అన్నాడు. వైరు పట్టుకుని పెద్దక్క వైపు చూశాడు.

"పీకు తమ్ముడూ," అంది పెద్దక్క.

పీకాడు. ఎర్రదీపం, కూత. హాల్లో ఆరు స్క్రీన్లూ వెలుగుతూనే ఉన్నాయి. అంతలో ఫోన్ మోగింది. పెద్దక్క పరుగున వెళ్లి, రుమాలు చుట్టిన వైపు చెవికి నొక్కిపట్టుకుంది. "చెప్పండి, వింటున్నా." ఇంజనీరు వైరు తిరిగి పెట్టేదాకా ఆ కూతని ఆపడానికి ఎవరూ కదల్లేదు.

మధ్యాహ్నం నుంచి నిలబడే ఉన్న అతని భార్య అప్పుడు దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.