మధ్యలో ఉన్న గొంతు

పాటలకు మెరుగులు దిద్దడం నా పని. గాయకుడి ముక్కుదిబ్బడ వినపడకుండా చేస్తాను, గిటారును కాస్త పక్కకు జరుపుతాను. నేను కూర్చునే గదికి కిటికీలు లేవు. తలుపు వేస్తే బయట పిడుగు పడ్డా తెలియదు. మా ఆయన పోయాక నాకు ఇంటికంటే ఆ గదే నయమనిపించింది.

ఆయన కారు ప్రమాదంలో పోయారు. నేను ఏడవలేదు. "రాతిగుండె" అంది ఆడపడుచు, పక్కగదిలో. గోడ అవతల అన్నా నాకు వినపడుతుంది, నా చెవులు అలాంటివి. కోపం కూడా రాలేదు.

అంత్యక్రియలైన మర్నాడు అత్తయ్య ఫోనుకు ఆయన గొంతుతో ఒక మెసేజ్ వచ్చింది. "అమ్మా, వస్తున్నా. తలుపు తీసి ఉంచు." పోయేముందు పంపి ఉంటాడు, నెట్‌వర్క్ వల్ల ఆలస్యమైందన్నారు అందరూ. అప్పటినుంచి అత్తయ్య వీధి తలుపు వేయడం మానేశారు. ఇంట్లో ఒంటరి మనిషి. దొంగలు పడతారంటే వినరు. "వాడు చివరగా అడిగింది అదొక్కటే కదమ్మా" అంటారు.

మెసేజ్ వెనక గుయ్యిమని ఏదో హోరు. అది తీసేసి, కొడుకు గొంతు మాత్రం ఇమ్మన్నారు. మొన్న మధ్యాహ్నం ఆ పని పెట్టుకున్నాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించాను. హోరు సన్నబడింది. మాట పలికే చోట కాస్త పెంచాను. గొంతు తేటపడి, నా తల మధ్యలోకి వచ్చి నిలబడింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి గొంతు. నాకేమీ అనిపించలేదు. ఆడపడుచు అన్నది నిజమే కాబోలు.

మిగిలిన హోరు ఎక్కడుందో చూద్దామని స్టీరియో విడ్త్ నాబ్ చివరిదాకా తిప్పాను. అలా తిప్పితే రెండు చెవుల్లోనూ ఒకేలా ఉన్న శబ్దమంతా పోతుంది. తేడాగా ఉన్నదే మిగులుతుంది. ఈ రికార్డింగు ఒక్క మైకుది, రెండువైపులా ఒకటే. ఇక మిగలడానికి ఏమీ ఉండకూడదు.

గొంతు పోయింది. హోరు పోయింది.

ఊపిరి మిగిలింది...

ఎవరో చాలాసేపు పరిగెత్తి ఆగినట్టు... రెండు చెవుల వెనకా. వాల్యూమ్ పెంచాను.

"అమ్మా... అది నేను కాదు..."

ఇంకా పెంచాను.

"తలుపు వేసెయ్..."

చెంపలకు తడి తగిలింది. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. ఇది ఆయన గొంతు. ఇన్నాళ్లూ మేమంతా విన్నది ఆయనది కాదు.

హెడ్‌ఫోన్స్ లాగేసి అత్తయ్యకు ఫోన్ చేశాను.

"అత్తయ్యా, తలుపు వేసెయ్యండి. గడియ పెట్టండి. ఎందుకని అడక్కండి."

"ఇంకెందుకే?" ఆవిడ గొంతులో ఎన్నాళ్లకో నవ్వు. "వచ్చేశాడుగా. నా ఎదురుగానే కూర్చున్నాడు. నిన్నూ రమ్మంటున్నాడు."

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను.

"ఒక్కడే రాలేదే..." ఆవిడ గొంతు తగ్గించారు. "పక్కన గోడకు ఆనుకుని ఇంకొకడున్నాడు. అచ్చం మనవాడిలాగే ఉన్నాడు. ఇందాకటినుంచి నన్నే చూస్తూ ఊరికే నోరు కదుపుతున్నాడు... ఒక్క ముక్కా వినపడదు."