ప్రింటర్ వేషం

కారు ఇంజన్ ఇంకా నడుస్తోంది. ఏసీ చల్లగా వీస్తోంది. స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చున్న మనిషి మాత్రం చనిపోయి చాలాసేపయింది.

షువైఖ్ రేవులో ఓడలకు దారి చూపే పైలట్ అతను. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక రేవు ముందు నీళ్ళలో మైన్లు ఎక్కడ వేశారో కొంతైనా తెలిసినవాడు అతనొక్కడే. ఆ సాయంత్రం అతను ఒక భారతీయ ఓడను సముద్రంలోకి దాటించాల్సి ఉంది.

ఆ కబురు అందిన కాసేపటికే ఏజెంట్ గంగాధర రుమైథియాలో ఒక దర్జీ దుకాణం తలుపు తోశాడు.

"సఫారీ సూటుకు లైనింగ్ దొరుకుతుందా భాయ్?"

"లైనింగ్ ఖలాస్. కాన్వాస్ ఉండాది."

కోడ్ సరిపోయింది. దర్జీ బుడేన్ సాహెబ్ షట్టర్ సగానికి దించి, టేపు తీసి గంగాధర మెడకు చుట్టాడు. వీధిలో ఎవరు తొంగిచూసినా కొలతలు తీస్తున్నట్టే ఉంటుంది. బ్రీఫింగ్ ఎప్పుడూ ఇలాగే.

"చేతులెత్తు. పైలట్‌ను చంపించింది హెర్మన్."

"ఆయుధాల బేరగాడా?"

"వాడే. మైన్లు అమ్మిందీ వాడే, నీళ్ళలో వేయించిందీ వాడే. మన ఓడ పేలితే నింద అవతలి పక్షం మీద పడుతుంది. యుద్ధం ముదురుతుంది. వాని సరుకు రెండు పక్కలా అమ్ముడుపోతుంది."

ఓడ గోధుమపిండి, మందులు తెచ్చి దింపింది. తిరిగి వెళ్ళేటప్పుడు మనుషులను తీసుకెళుతుంది. సల్వా ఇళ్ళలో పనిచేసే కడప ఆడవాళ్ళు, నిజామాబాద్ మేస్త్రీలు, పసిపిల్లల తల్లులు పొద్దున్నుంచే రేవులో మూటల మీద కూర్చుని ఉన్నారు. సూర్యుడు అస్తమించేలోగా ఓడ కదలకపోతే సైన్యం ఇచ్చిన అనుమతి రద్దు.

"మైన్ల మధ్య నుంచి హెర్మన్ పడవలు తిరుగుతున్నాయి కదా. వాడికి దారి తెలుసు."

"తెలుసు. సబ్హాన్‌లో వాని గోడౌన్ ఉండాది. అక్కడ వర్డ్ ప్రాసెసర్‌లో దారి మొత్తం టైపు చేసి పెట్టినారు."

"డిస్క్ ఎత్తుకొస్తాను."

"ఎత్తుకొచ్చి గోడకు తగిలించుకుంటావా? అది పళ్ళెమంత డిస్కు. ఓడలో ఉండే కంప్యూటర్‌లో దూరదు. దూరినా చదవదు. వాని మెషీన్ రాసింది ఇంకో మెషీన్‌కు అర్థం కాదప్పా. ఆ ధైర్యంతోనే వాడు బీరువాకు తాళం కూడా వేయడు."

"అక్కడే ప్రింట్ తీస్తే?"

"చెక్‌పోస్టులో సముద్రం మాట ఉన్న కాగితం దొరికితే తూటానే. వెనక్కి తిరుగు." భుజాలు కొలుస్తూ బుడేన్ సాహెబ్ కాలితో బల్ల కింద నుంచి ఒక పెట్టెను ముందుకు జరిపాడు. టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్. గల్ఫ్ నుంచి ఇంటికి వెళ్ళే ప్రతివాడి చంకలోనూ ఉండేదే. "ఏ మెషీనైనా ప్రింటర్‌తో మాట్లాడేటప్పుడు సొంత భాష వదిలేస్తుంది. అందరికీ తెలిసిన మామూలు అక్షరాలు పంపుతుంది. ఇది ప్రింటర్ వేషం కడుతుంది. వచ్చిన అక్షరాలను ఈలలు చేసి క్యాసెట్‌లో పట్టుకుంటుంది. దీని జోడీ ఓడలో ఉండాది. ఈలలను మళ్ళా అక్షరాలు చేస్తుంది."

"లోపల మనవాళ్ళెవరు?"

"జీనత్. హెర్మన్ సెక్రటరీ."

"మన మనిషేనా?"

బుడేన్ సాహెబ్ నోట్లోని గుండుసూదులు తీసి చేతిలో పెట్టుకున్నాడు. "మన దగ్గరా జీతం తీసుకుంటుంది, వాని దగ్గరా తీసుకుంటుంది. ఎవరి మనిషో ఆమెకే తెలియాలి."

* * *

ఆగస్టు నెలలో కువైట్‌లో ఏసీ మెకానిక్‌ను ఆపే గార్డు ఇంకా పుట్టలేదు. నీలం ఓవరాల్, గ్రీజు చేతులు, సంచిలో టూ-ఇన్-వన్‌తో గంగాధర సబ్హాన్ గోడౌన్‌లోకి నేరుగా నడిచి వెళ్ళాడు. ఏసీ వైరును అంతకుముందే మేడ మీద అతనే కోశాడు.

హెర్మన్ చొక్కా చెమటతో వీపుకు అంటుకుని ఉంది. గది మధ్య బల్లంత వర్డ్ ప్రాసెసర్, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. "ఫాస్ట్! మెషీన్ వేడెక్కితే నీ ప్రాణం తీస్తాను," అని అరిచాడు. గేటు దగ్గర సైనిక జీపు హారన్ మోగింది. కర్నల్‌కు ఎదురెళ్ళడానికి విసవిసా బయటికి నడిచాడు.

గంగాధర ప్రింటర్ వెనుక వైరు లాగి టూ-ఇన్-వన్‌కు తగిలించాడు. క్యాసెట్ వేశాడు. కీబోర్డు మీద ఒక మీట నొక్కాడు. ఏమీ జరగలేదు. ఇంకొకటి నొక్కాడు. మెషీన్ కీచుమంది.

"ఏసీ రిపేరు ప్రింటర్ వైరుతో చేస్తరా మీ దిక్కు?"

గుమ్మంలో జీనత్. వెండిరంగు గౌను, నల్ల కళ్ళద్దాలు, గదంతా కమ్మేసే అత్తరు, చేతిలో బొమ్మలాంటి చిన్న పిస్టల్. అది బొమ్మ కాదు.

"కాల్చే ముందు ఎవరి జీతం ఎక్కువో చూసుకో," అన్నాడు గంగాధర.

"జీతం ఎవరికి కావాలె? ఈ ఊరు కాలిపోతుంటే నోట్లు ఏం జేసుకుంట?" ఆమె దగ్గరికి వచ్చింది. పిస్టల్ అతని పక్కటెముకలకు తగిలింది. "ఓడల నాకు చోటు కావాలె."

"ఇస్తే?"

ఆమె ఎడమచేత్తో అద్దాలు తలమీదికి నెట్టి రెండు మీటలు కలిపి నొక్కింది. "ఇది నేనే టైప్ చేసిన. నువ్వు నొక్కేది తప్పు బటన్."

క్యాసెట్ తిరగడం మొదలైంది. కీచురాళ్ళ గుంపు దూరంగా అరుస్తున్నట్టు సన్నని ఈల. స్క్రీన్ మీద ఏముందో చదివే వ్యవధి గంగాధరకు లేదు. అతని కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. మెట్ల మీద బూట్లు. ఈల ఇంకా ఆగలేదు. బూట్లు దగ్గరపడ్డాయి. ఈల ఆగింది. వైరు ప్రింటర్‌లోకి, క్యాసెట్ పెట్టె సంచిలోకి వెళ్ళాయి.

"ఆ చప్పుడేమిటి?" హెర్మన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఫ్యాన్ బేరింగ్, సార్. అరిగిపోయింది."

జీనత్ గోళ్ళకు రంగు వేసుకుంటోంది.

* * *

సల్వాలో గంగాధర వేరే మనిషి. అక్కడ అతను ఓబులేసు, ఒక పెద్ద ఇంటి డ్రైవరు. పనివాళ్ళు 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు సౌదీకి వెళ్ళిపోయింది. మిగిలింది పనిమనిషి రెడ్డెమ్మ. ఆమెది రాయచోటి. చదవడం, రాయడం రాదు. అందుకే ఇంటికి ఉత్తరం అంటే క్యాసెట్‌లో మాట్లాడి పంపడమే. అలా ఒకవైపు నిండిన క్యాసెట్‌నే గంగాధర గోడౌన్‌కు వెళ్ళేముందు అడిగి తీసుకున్నాడు.

"యాడికి పోయినావన్నా పొద్దున్నుంచీ? ఓడ ఎల్లిపోతాదేమోనని కాళ్ళూచేతులూ ఆడలేదు నాకు," అంది కారెక్కుతూ. "నా క్యాసెట్టు ఏదీ?"

"దీంట్లోనే ఉండాది రెడ్డెమ్మా. రెండో పక్క నేనూ కొంచెం రికార్డు చేసినా."

"మా యమ్మకు నువ్వేం చెప్పినావు?"

"అంతా మంచే."

రేవు రోడ్డు మీద చెక్‌పోస్టు. సైనికుడు మూటలు విప్పి రోడ్డు మీద కుమ్మరించాడు. గంగాధర చొక్కా కాలర్ కూడా తడిమాడు. తరువాత టూ-ఇన్-వన్ మీద కన్ను పడింది. మీట నొక్కాడు.

చెవులు చిల్లులు పడే ఈల.

సైనికుడి తుపాకీ పైకి లేచింది. గంగాధర చెయ్యి ఆ తుపాకీ గొట్టం వైపు జరిగింది. అంతలో రెడ్డెమ్మ ఇద్దరి మధ్యకు దూరి, సైనికుడి చేతిలోంచి పెట్టెను లాక్కుంది.

"ఖర్బాన్ బాబా, ఖర్బాన్! చెడిపోయిండాది. ఈ ఓబులేసన్న యేది ముట్టుకున్యా ఇంతే!" క్యాసెట్ తిప్పి వేసి మీట నొక్కింది.

"మా, నేను బాగుండా. నువ్వు ఏడ్చొద్దు. మామా తాళాలు నాకే ఇచ్చిపోయింది. మిద్దెమీద పావురాలకు గింజలేస్తాండా. నేను వచ్చినాక ఎవురేస్తారో తెలీదు..."

సైనికుడు వయసులో చిన్నవాడు. ఒక్క మాట కూడా అర్థం కాకపోయినా చాలాసేపు విన్నాడు. క్యాసెట్ బయటికి తీసి రెడ్డెమ్మ చేతిలో పెట్టాడు. టూ-ఇన్-వన్ తన జీపులో పెట్టుకున్నాడు.

"యల్లా!" అంటూ కదలమని చెయ్యి ఊపాడు.

"దొంగనాయాలు," అంది రెడ్డెమ్మ కారు కదిలాక. "అంత పెద్ద మిషను గుంజుకున్యాడు. నీకు దుఃఖమే లేదేందన్నా?"

* * *

ఓడను నడిపే బ్రిడ్జి గదిలో రెండో పెట్టె క్యాసెట్‌ను మింగింది. కంప్యూటర్ స్క్రీన్ మీద ఒక్కొక్క అక్షరం లేచి నిలబడింది. కెప్టెన్ అబ్దుల్ సలాం ఊపిరి పీల్చుకుని లంగరు ఎత్తించాడు. రేవు వెనక్కి జరిగింది. కింద డెక్ మీద కాలు పెట్టే చోటు లేదు. అరబిక్ అక్షరాలున్న డబ్బాల్లోంచి అన్నం పంచుకుంటున్నారు. ఎవరో పిల్లకు చుక్కాని గది చూపిస్తున్నారు.

దారికి గుర్తుగా నీళ్ళలో తేలే మొదటి బోయా దాటారు. రెండోది దాటారు. స్క్రీన్ చెప్పినట్టే నీళ్ళు దారి ఇచ్చాయి.

"మూడో బోయా దగ్గర రెండు పేరాలున్నాయి," అన్నాడు కెప్టెన్. "ఒకటి ఎడమకు తిరగమంటోంది, ఇంకొకటి కుడికి. ఎడమది రాసిన ప్రతి వరుస కిందా గీత ఉంది. గీత గీశాడంటే అదే ముఖ్యం. పోర్ట్ సైడ్!"

ఓడ ముక్కు ఎడమకు తిరగసాగింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. నైలాన్ చీర, నెత్తిన కొంగు, చేతిలో గుడ్డమూట. అత్తరు లేకపోతే జీనత్‌ను గంగాధర గుర్తుపట్టేవాడు కాదు.

"ఎడమకెందుకు తిప్పుతున్నరు? ఆ పేరా నిన్ననే తీసేసినం! కొత్తగా మైన్లు ఏసిండ్రని హెర్మన్ వచ్చి చెప్తే నేనే గీత కొట్టిన!"

"ఎవరీమె?" అన్నాడు కెప్టెన్.

"రెండు పక్కలా జీతం తీసుకునే మనిషి."

"అయితే కిందికి దించండి."

"దించున్రి! నేను పడేది గూడ గదే నీళ్ళల్ల!" ఆమె కంప్యూటర్ వైపు చెయ్యి చాపింది. "స్క్రీన్ మీద అడ్డగీత కనపడతలేదా మీకు?"

"గీత ఉంది. కింద ఉంది," అన్నాడు గంగాధర. అలా అంటూనే ఆగిపోయాడు.

కింద ఉన్న గీత. ఆ గీతను పంపింది ప్రింటర్ కోసం. ప్రింటర్ వరుస కొట్టి, కాగితం జరపకుండా వెనక్కి వచ్చి, అదే వరుస మీద మళ్ళీ కొట్టగలదు. స్క్రీన్‌కు ఆ వెనక్కి రావడం తెలియక గీతను కింది వరుసలో వేసి ఉంటే?

"కెప్టెన్! ఇంజన్ ఆపండి!"

"ఆపినా ఓడ జారుతూనే ఉంటుందయ్యా. ఈమె మాట నమ్మమంటావా?"

"ఆమెను కాదు. దీన్ని." గంగాధర క్యాసెట్‌లో వచ్చింది వచ్చినట్టే ఓడ ప్రింటర్‌కు పంపాడు.

ప్రింటర్ కర్రుమంటూ మొదటి నుంచి మొదలుపెట్టింది. మొదటి బోయా. రెండో బోయా. ఓడ జారుతోంది. జీనత్ తలుపు చట్రాన్ని పట్టుకుని ఉంది. మూడో బోయా. ప్రింటర్ తల కుడి చివరకు వెళ్ళింది. గిర్రున ఎడమకు వచ్చింది. కాగితం జరగలేదు. గీతలు వరసగా వచ్చి అక్షరాల నడుము మీదుగా తొక్కుకుంటూ పోయాయి. ఎడమకు తిరగమన్న ప్రతి వరుసా అడ్డంగా కొట్టేసి ఉంది.

"హార్డ్ స్టార్‌బోర్డ్! ఫుల్ అస్టర్న్!" పూర్తిగా కుడికి తిప్పి, ఇంజన్‌ను వెనక్కి నడపమని కెప్టెన్ అరిచాడు.

ఓడ ఒళ్ళంతా వణికింది. డెక్ మీద డబ్బాలు దొర్లాయి. ముక్కు మెల్లగా, మరీ మెల్లగా కుడికి వచ్చింది.

రెడ్డెమ్మ రెయిలింగ్ పట్టుకుని పైకి కేకేసింది. "ఓబులేసన్నా! నీళ్ళల్లో అదేందన్నా, కొమ్ములు మొలిచిన నల్ల గుండిగ మాదిరి?"

అది ఓడ పక్కగా, బరువుగా ఊగుతూ వెనక్కి వెళ్ళిపోయింది. దూరంగా ఒక మోటారు పడవలో హెర్మన్ మనుషులు వీడియో కెమెరా పట్టుకుని నిలబడ్డారు. పేలుడు తీయడానికి వచ్చినవాళ్ళకు మూటల మీద కూర్చుని అన్నం తింటున్న జనం దొరికారు.

మైన్లు దాటి నడిసముద్రంలోకి వచ్చాక జీనత్ బ్రిడ్జి గోడకు ఆనుకుని కూలబడింది. గంగాధర ఆమెకు గ్లాసుతో నీళ్ళు ఇచ్చాడు.

"బొంబాయిలో దిగగానే రిపోర్ట్ టైప్ చేయాలి," అన్నాడు. "రెండు జీతాల సంగతి రాయక తప్పదు. కావాలంటే రాశాక ఆ పేరాకు అడ్డగీత కొడతాను."

జీనత్ గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"రాయనే రాయకు సారూ. నువ్వు గీత కొడితే, ఢిల్లీల మీవోళ్ళు గదే ముఖ్యమనుకుంటరు."