కారున్న ఇంట్లో ఆరు ఖాళీ గడులు

"కారు వారానికి ఎన్నిసార్లు బయటికి తీస్తారండీ?" అని సర్వే అమ్మాయి అడిగితే, ఇంటి పెద్దాయన తడుముకోకుండా "రోజూ" అన్నాడు.

"రోజూ తుడుస్తాడమ్మా. ఎక్కేది లేదు, దిగేది లేదు," అంది వరండాలోంచి ఆయన తల్లి, ఆ ఇంటి నాయనమ్మ. "బావమరిది కొన్నాడని పంతానికి కొన్నాడు."

పెద్దాయన ముఖం కందగడ్డయింది. తలుపు పక్కన నిలబడ్డ కొడుకు నవ్వాపుకోలేక దగ్గాడు. సర్వే అమ్మాయి కూడా నవ్వబోయి, ఉద్యోగం గుర్తొచ్చి, పెదవుల మీద పెన్ను పెట్టుకుంది.

ఎవరింట్లో కారుంది, ఎందుకు కొన్నారు, కొన్నాక ఎంత వాడుతున్నారు, వాడకపోతే ఎందుకని అడిగి రాసుకుపోవడమే ఆమె పని.

కొడుకు వంతు వచ్చింది. దుకాణాల్లో తూకపు కాటాలు సరిచేసే మెకానిక్కట. బజారులో కారు నిలపడానికి చోటుండదు కాబట్టి పదింటి బస్సులో పోతాడట. ప్రతి జవాబూ తూచినట్టు చెప్పాడు. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందంటే, వెళ్లి మీటరు చూసొచ్చి మరీ చెప్పాడు. ఇంత నిజాయితీ ఏమిటి బాబూ అనుకుంటూ ఆమె తల దించుకుని అంకె వేసుకుంది. తలెత్తేసరికి అతను ఇంకా ఆమెనే చూస్తున్నాడు. వెంటనే చూపు గోడ గడియారం మీదికి మళ్లించాడు. ఆ గడియారం ఆగిపోయి ఉంది.

వెళ్తూ వెళ్తూ ఒక పుస్తకం ఇచ్చింది. ఆరు రోజులపాటు ఇంట్లోవాళ్లు ఎవరు గడప దాటినా అందులో రాయాలి. ఎక్కడికి, దేనిమీద, ఎందుకు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆఫీసువాళ్లు ఆ ఇంటిని కొట్టేస్తారు. నలభై ఇళ్లు పూర్తయితేనే ఆమె ఉద్యోగం ఖాయం. ఇది నలభయ్యో ఇల్లు.

ఆ వారమంతా ఆమె అదే వీధిలో మిగతా ఇళ్లకిచ్చిన పుస్తకాలు వెనక్కి తీసుకుంటూ తిరిగింది. ఏడో రోజు ఉదయం పుస్తకం కోసం వచ్చింది. ఆ అబ్బాయి తల్లి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. పేజీలు తిప్పుతూ అమ్మాయి ఒకచోట ఆగిపోయింది.

కొడుకు చేతిరాత ముత్యాలు పేర్చినట్టుంది. 'తొమ్మిదింటికి బస్టాపుకి, నడిచి. తొమ్మిదీ పదికి ఇంటికి, నడిచి.' ఆరు రోజులూ అదే. ఎందుకు అన్నచోట మాత్రం ఏమీ లేదు.

అతన్ని పిలిపిస్తే ఇంటిల్లిపాదీ వచ్చి చుట్టూ చేరారు. పాలకా, పేపరుకా, ఎవరినైనా దింపడానికా అంటూ ఆమె ఫారంలో ఉన్నవన్నీ చదివింది. అన్నిటికీ అతను అడ్డంగా తలూపాడు. ఏదో ఒకటి రాసి పడేయరా, నీ మూలాన ఆ పిల్ల ఉద్యోగం పోయేలా ఉందని తండ్రి కసిరాడు.

"లేనిది ఎలా రాస్తాను నాన్నా," అని గొణిగాడు.

అప్పుడు వెలిగింది ఆమెకి. తను రోజూ ఆ వీధి చివర బస్సు దిగేది తొమ్మిదింటికే. కానీ ఎలా అడుగుతుంది? ఎదుటివాళ్లకి జవాబు అందించకూడదని ట్రైనింగులో పదిసార్లు చెప్పారు.

"రాయకపోతే ఈ ఇల్లు కొట్టేయాల్సి వస్తుందండీ," అంది మెల్లగా. "నిజం ఏదైనా సరే, రాసుకుంటాను."

అతను చొక్కా అంచు నలిపాడు. "మీరు బస్సు దిగారో లేదో చూడ్డానికి," అన్నాడు. "దిగగానే వచ్చేసేవాణ్ణి. పలకరించే ధైర్యం చాల్లేదు. వెళ్లిన మాట నిజం కాబట్టి రాశాను. చదివేది మీరేనన్న సంగతి నిన్ననే తట్టింది."

"మీ తాతే నయం," అంది నాయనమ్మ. "నెల్లాళ్లు నా వెనక తిరిగినా ఎక్కడా రాసిపెట్టలేదు."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత అమ్మాయి పక్కన చేరి, మీ అమ్మానాన్నలు ఏ వేళకి ఇంట్లో ఉంటారమ్మా అని అడిగింది. ఆదివారం సాయంత్రమని ఆమె నేలకేసి చూస్తూ చెప్పింది. తర్వాత ఖాళీ గడుల్లో 'ఒక మనిషిని చూడ్డానికి' అని ఆరుసార్లు రాసింది.

పెద్దాయనకి ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆ పిల్లని కారులో ఆఫీసు దగ్గర దింపి రారా అంటూ తాళాలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు.

ఆమె గుమ్మం దగ్గర ఆగింది. "కారులో ఎంతసేపు పడుతుందండీ?"

"ఇరవై నిమిషాలు."

"బస్సులో?"

"గంటా ఐదు నిమిషాలు," అన్నాడు అతను, ఎప్పటిలాగే సరిగ్గా లెక్కగట్టి.

"అయితే బస్సులోనే పోదాం," అంది ఆమె.