మిరుగం నాడు అమ్మని చేప

1982 జూన్. రెండు హత్యలు జరిగాయి. చచ్చినవి చేపలు.

"నవ్వకు హన్నా," అన్నాడు చీఫ్ సుందర్ రావు.

ఏజెంట్ హన్నా నవ్వేలా లేదు. కూలిమనిషి వేషంలో ఆ ఫిష్ ఫారంలో ఆర్నెల్లు పనిచేసింది ఆమె.

"అంతరించిపోతున్న మహాసీర్‌లు," చెప్పాడు చీఫ్. " మూడు తల్లి చేపలను సాకినం. గుడ్ల కోసం హార్మోన్ సూది వేయంగనే రెండు చచ్చినయి. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. మేతల పల్లిచెక్క లేదు, రంపపు పొట్టు. ఒంట్లె సత్తువ లేనిదానికి సూది వేస్తే విషమే."

"ఎవరి పని సార్?"

"మన ఫారం చేపల డాక్టర్ భారతి."

హన్నా కళ్లముందు ఆమె రూపం మెదిలింది. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ఇన్నాళ్లూ తమ మనిషే అనుకున్న భారతి!

"నీ చేతి మేత తిన్న మూడోదాన్ని పొద్దున ఎత్తుకపోయింది. దాని తలలో ఆ హార్మోన్ ఊరే పిట్యూటరీ గ్రంథి విదేశీ ముఠాకు కావాలె. మన చేపను చంపి, ఆ హార్మోన్ మనకే అమ్ముతరు. వరంగల్ స్టేషన్ల పోలీసులున్నరు. అందుకే నెక్కొండల బెజవాడ ప్యాసింజర్ ఎక్కుతది."

నెక్కొండ ప్లాట్‌ఫాం మీద వేడి పల్లీల గంప పెట్టుకుని కూర్చుంది హన్నా. అడుగున వైర్‌లెస్. నోరులేని జీవాలకు పొట్టు పెట్టి చంపుతారా?

ఆరోజు మిరుగం. మృగశిర కార్తె మొదటిరోజు చేప తినని ఇల్లుండదు. ఎటు చూసినా చేపల గంపలు, ముతక చీరలు. ఇందరిలో మారువేషంలో ఉన్న భారతి ఎవరు? రైలు కూత వినిపించింది.

యాకమ్మ అనే ముసలామె గిన్నెతో, నీళ్ల హండా పెట్టుకుని కూర్చున్న ఒకామె దగ్గర ఆగింది. "ఓ పిల్లా, జర ఆ హండాల చేప చూపియ్యి."

"అమ్మను."

"అమ్మవా? మిరుగం నాడు అమ్మక, పూజ చేస్తవా?"

హన్నా దిగ్గున లేచింది. మిరుగం నాడు గిరాకీని తరిమే చేపలామె ఈ జిల్లాలో పుట్టలేదు! మనిషి దొరికిందని వైర్‌లెస్‌లో సంకేతం పంపింది: "మత్తడి దుంకుతాంది."

భారతి చూసేసింది. హండా మూత తీసి కత్తి ఎత్తింది. "కదిలావంటే చేప తల నరికి పట్టుకుపోతా! నాకు కావలసింది తలే."

హన్నా గంప విసిరింది. వేడి పల్లీలు భారతి ముఖాన పడ్డాయి. గురి తప్పిన కత్తి నీళ్లను కోసింది. మరుక్షణం ఆమె మణికట్టు హన్నా పిడికిట్లో ఉంది.

"ఒక్క చేప కోసం ఇంత కోపమా?" మూలిగింది భారతి.

"ఒక్కటే మిగిలింది గదనే, అందుకే!"

మఫ్టీ పోలీసులు బేడీలు వేశారు. రైలు వెళ్లిపోయింది. హండాలో తల్లి చేప మొప్పలు ఆడిస్తోంది. హన్నా ఊపిరి పీల్చుకుంది.

యాకమ్మ గిన్నె ముందుకు చాపింది.

"మీ లొల్లి అయిపోయిందా బిడ్డా? ఇగ తోక దిక్కు నాలుగు ముక్కలు కొయ్యి."